నిండుకున్న తూనీగలు

నమోదు 1

ఇవాళ నన్ను యుద్ధంలోకి తీసుకున్నారు. అక్షరాలు వంకరగా పడుతున్నాయి. సగం భయం, సగం సంబరం. పైలట్లకు తర్ఫీదు ఇచ్చేవాళ్ళంతా జరిగింది జరిగినట్టు రాసి పెట్టాలని మేజరు గారి ఉత్తర్వు. మూడో తరగతితో బడి మానేసినదాన్ని, నాకు వచ్చినట్టే రాస్తాను.

గొంతు గట్టిగా ఉన్న ముసలివాళ్ళు కావాలని కొండమీది పేటలన్నిటిలోనూ చాటింపు వేశారు. వయసులో ఉన్నవాళ్ళంతా ఆనకట్ట కాపలాకు వెళ్ళిపోయారు మరి. మమ్మల్ని వరుసగా కూర్చోబెట్టి ఒకే ప్రశ్న అడిగారు. ఇక్కడినుంచి ఆనకట్ట దాకా ఒక మనిషి ఎగిరి వెళ్ళాలి, దారిలో ఏమేం చెడిపోవచ్చు? నా ముందున్నాయన గాలివాన అన్నాడు. ఆ ముందావిడ గద్ద అంది. నా వంతు వచ్చింది. రెక్క విరగొచ్చు, తీగ తెగొచ్చు, ఏమీ తినకుండా బయల్దేరి కళ్ళు తిరగొచ్చు, కంట్లో నలుసు పడొచ్చు, కొత్త చెప్పు కరిచి కాలు సరిగ్గా ఆనకపోవచ్చు, ఇంట్లో పొయ్యి ఆర్పానో లేదోనని నడిమధ్యలో అనుమానం రావచ్చు. అలా చెబుతూనే ఉన్నాను. మేజరు సుభాషిణి గారు రాసుకోవడం ఆపి నాకు మంచినీళ్ళు తెప్పించారు. ఇంకా ఉన్నాయా అని అడిగారు.

"ఇయ్యి ఎల్లేటప్పుడివండి. వొచ్చేటప్పుడివి ఇంకా సెప్పలేదు" అన్నాను.

అక్కడికక్కడే చేర్చుకున్నారు. మా ఆయన బతికినన్నాళ్ళూ నన్ను అనుమానాల అప్పలనరసమ్మ అని ఏడిపించాడు. ఈ ఖాకీ చీర చూడ్డానికి ఉండాల్సింది.

నమోదు 2

నా పని గూడు దగ్గర. గూడు అంటే స్నానాలగదంత రేకు పెట్టె. కింద తోలు తిత్తులు ఉంటాయి. ఎగరడం నేర్చుకునే పిల్లల్ని ఒక్కొక్కరిగా లోపల కూర్చోబెట్టి మూత వేస్తే చిమ్మచీకటి. బయట బల్ల మీద నాకు మీటలు. ఒకటి లాగితే గూడు ఒరుగుతుంది, ఒకటి తిప్పితే గాలి కొడుతుంది, ఇంకోటి దించితే, పిల్లలు ఎగిరే రెక్కల యంత్రం తూనీగలో కరెంటు తగ్గినట్టు లోపల బుడ్డి దీపం సన్నబడుతుంది. పొద్దున్నే తిత్తులకు నూనె రాసి, రేకు తుడిచి, నా మాట లోపలికి చేర్చే గొంతుగొట్టం ముందు కూర్చుంటాను. ఇక ఆ రోజంతా కష్టాలు పెట్టడమే నా ఉద్యోగం.

చీకట్లో ఎందుకంటే, ఓడలవాళ్ళు చెవిటి మంచు వదులుతారు. మన ఆనకట్ట నీళ్ళ కోసం వచ్చేవాళ్ళు ముందు ఆ మంచు పంపి తర్వాత వాళ్ళు వస్తారు. అందులో కన్ను కనబడదు, యంత్రాల ముళ్ళు తిరగవు, అంకెలు అందవు. మనిషి మాట ఒక్కటే చేరుతుంది. ఆ మాటనూ నమ్మడానికి లేదు. మన పెద్దల గొంతులు దొంగిలించి, వాళ్ళే మాట్లాడుతున్నట్టు పిల్లల్ని దారి తప్పిస్తారు.

నా దగ్గరికి వచ్చినవాళ్ళు ఆరుగురు. అందరికంటే గట్టిది పైడితల్లి. తలకి నూనె కారేలా రాసుకుని, రెండు జడలు వెనక్కి ముడేసుకుని వచ్చింది. మొదటిరోజే గూట్లో మూడుసార్లు కూలిపోయింది. మూత తీస్తే నా మీదే ఎగిరింది.

"రెక్క ఇరిగింది, సరే. గాలి మల్లింది, సరే. నా కాలు మీదకి తేలెక్కడం ఏటి మామ్మా? ఆకాశంలో తేలేటి?"

రాత్రి చెప్పులు బయట వదిలావా లోపల పెట్టావా అని అడిగాను. బయటే అంది. మరి తేలు ఎక్కదా అన్నాను. మిగతా ఐదుగురూ నేలమీద పడి నవ్వారు. అయినా మర్నాటినుంచి అందరూ చెప్పులు లోపల పెట్టుకుంటున్నారు.

నమోదు 3

ఇవాళ పోలినాయుడు గూట్లో ఉన్నాడు. పొడుగు పిల్లాడు, మంచి చెయ్యి, కాకపోతే తొందర. కరెంటు మీట మెల్లగా దించాను. దీపం సన్నబడగానే కేకలు మొదలెట్టాడు. అయిపోనాది, అయిపోనాది అని గొట్టం అదిరేలా. నా ఒళ్ళు జలదరించింది. సంధ్యవేళ, ప్రాణాలతో ఎగరాల్సిన పిల్లాడి నోట ఆ మాట. పనాపి మూత ఎత్తి చీవాట్లు పెట్టాను. బియ్యం లేకపోతే లేవు అంటామా, నిండుకున్నాయి అంటాం కదా. కరెంటైనా అంతే. ఆ అశుభం మాట నా గూట్లో వినబడితే రెండు పూటలా మీట దించేస్తానని చెప్పాను.

నవ్వుతారనుకున్నాను. నవ్వారు కూడా. కానీ మాట అంటుకుంది. ఇప్పుడు వంటశాలలో సాంబారు నిండుకుంటోంది, సబ్బు నిండుకుంటోంది, ఆదివారం సెలవు నిండుకుంటోంది. గూట్లో దీపం పడిపోతే ఎంత కంగారులోనైనా సరే, "మామ్మా, నిండుకుంది" అని మర్యాదగా చెబుతున్నారు. నేను వెంటనే దిగడానికి దారి చెబుతున్నాను. ఇంత వయసొచ్చాక ఒకళ్ళకి ఒక మంచి అలవాటు నేర్పాను కదా అని లోపల్లోపల మురిసిపోతున్నాను.

నమోదు 4

గట్టు మీది గదిలోకి కాపరి వచ్చింది. గట్టు అంటే తూనీగలు దిగే కొండ అంచు. ఒకసారికి ఒక్కటే దిగగలదు. ఇంతవరకూ ఎవరు ముందు, ఎవరు వెనక, ఎవరు ఎక్కడికి వెళ్ళాలి అన్నది మనుషులే చెప్పేవారు. ఆ మనుషులు ఆనకట్టకు కావాలి. ఇకనుంచి ఆకాశానికి చెప్పే మాటలన్నీ బీరువాలాంటి ఈ యంత్రానివే. దాని గొంతు మాత్రం ఓడలవాళ్ళు దొంగిలించలేరట. అందుకని మంచులో ఉన్నప్పుడు కాపరి చెబితేనే ఆజ్ఞ, ఇంకెవరి గొంతు వినబడినా మోసం అనుకోవాలని పిల్లలకు గట్టిగా చెప్పారు.

ఎలకలు తీగలు కొరికితే ఏం చేస్తారని మేజరు గారిని అడిగాను. రేకు తొడుగు ఉంది అన్నారు. పిడుగు పడితే? దానికీ ఉంది. దానికి ఎవరిమీదైనా అయిష్టం కలిగితే? అలాంటివి దానికి ఉండవు అన్నారు. పాపం, అన్నిటికీ ఓపిగ్గా జవాబు చెప్పారు. మునిగిపోయిన పాత ఆఫీసుల్లోంచి తీసిన ఉత్తర్వులూ, యంత్రాల పుస్తకాలూ చదివి అది తెలుగు నేర్చుకుందట.

నన్ను దగ్గరికి తీసుకెళ్ళి మాట్లాడించారు. "నమస్కారము. మీ కంఠము స్పష్టముగా నున్నది" అంది. నాకేం తోచక భోంచేశావా నాయనా అన్నాను. "నేను భుజింపను" అంది.

పిల్లలకు కాపరితో కలిపి సాధన వచ్చే వారం మొదలవుతుంది. అంత చదువుకున్నది చూసుకుంటుంటే నాకెందుకు దిగులని ఈ రాత్రి నిశ్చింతగా పడుకుంటున్నాను.

నమోదు 5

నేను ఎగిరాను.

మళ్ళీ రాస్తున్నాను, చదివినవాళ్ళు పొరబాటనుకోకుండా. నేను, అప్పలనరసమ్మని, ఎగిరాను. పాఠం చెప్పే మనిషి ఒక్కసారైనా పైకి ఎక్కకపోతే ఎలాగని పైడితల్లి మేజరు గారి దగ్గర పట్టుబట్టింది. నన్ను వెనక సీట్లో కూర్చోబెట్టి నాలుగు బెల్టులు కట్టింది. ఐదోది లేదా అని అడిగాను.

గట్టు అంచు దాటాం. పైడీ మెల్లగా, పైడీ ఒరుగుతోంది, పైడీ ఆ మేకులు బిగించారా అని అరుస్తూనే ఉన్నాను. అది ముందు సీట్లో భుజాలు కదిలేలా నవ్వుతోంది. కింద సముద్రం. నీళ్ళలోంచి మునిగిన పాత పట్నం మంచినీళ్ళ ట్యాంకుల తలలు, ఒక సినిమాహాలు పైకప్పు, దానిమీద బారులు తీరిన కొంగలు. రెక్కల చప్పుడు తుమ్మెదలా ఉంది. ఎండ నా మోకాళ్ళ మీద పడింది. పైకి, ఇంకా పైకి వెళ్ళాం.

అక్కడ కాసేపు నాకు ఏ భయమూ గుర్తు రాలేదు. వెతుక్కున్నాను కూడా. దొరకలేదు.

"మామ్మా, ఉన్నావేటి?" అని పైడి కంగారుగా వెనక్కి తిరిగింది. నా నోరు ఊరుకోవడం అది ఎప్పుడూ వినలేదు.

"ఉన్నానే గుంటా. ముందు సూడు" అన్నాను.

దిగాక రెండు చెంబుల మజ్జిగ తాగాను. ఇంకా ఒళ్ళంతా జివ్వుమంటోంది.

నమోదు 6

ఇవాళ్టిది రాస్తేగానీ అన్నం దిగదు.

కాపరితో సాధన మొదలుకాకముందే ఓడలవాళ్ళు వచ్చారు. భోజనాలవేళ గంట కొట్టారు. మా ఆరుగురూ చేతులు కడక్కుండానే పరిగెత్తారు. నన్ను గట్టుమీదికి రానివ్వలేదు, గూడు దగ్గరే ఉండమన్నారు. అక్కడ గోడకి వినబడే పెట్టె ఉంది, ఆకాశంలో మాటలన్నీ అందులో వస్తాయి. నూనెగుడ్డ పట్టుకుని దానికింద నిలబడ్డాను.

ఎంత బాగా చేశారో పిల్లలు. మంచులో ఒకళ్ళనొకళ్ళు పేర్లతో పిలుచుకుంటూ, గొంతుని బట్టి దూరం పోల్చుకుంటూ, ఆనకట్ట వైపు వస్తున్న ఓడల్ని చెదరగొట్టారు. తెరచాపలు తగలబడుతున్న వాసన వస్తోందని పోలినాయుడు చెప్పినప్పుడు నేను ఒక్కదాన్నే గదిలో చప్పట్లు కొట్టాను. పొద్దు వాలింది. ఇక వెనక్కి తిరగడమే.

అప్పుడు కాపరి అడిగింది. "ఆరు తూనీగలును తమ తమ విద్యుత్తు స్థితిని తెలుపవలెను."

ఒకరి తరవాత ఒకరు చెప్పారు. నిండుకుంది. నిండుకుంది. పోలినాయుడు, నాదీ నిండుకుంది. ఆఖరున పైడితల్లి, నిండుకుంది కాపరీ. నేను నేర్పిన మర్యాదతోనే చెప్పారు. ఇక దారి చెబుతుంది, దిగుతారు అనుకుని గుడ్డ మడత పెడుతున్నాను.

"సంతోషము" అంది కాపరి. "అందరికిని నిండుకున్నది. తూర్పునకు మరలి శత్రునౌకలను వెంబడింపుడు."

నాకు అర్థం కాలేదు. పోలినాయుడు మెల్లగా, నిండుకుందని చెప్పాను కదా అని మళ్ళీ అడిగాడు.

"వింటిని. నిండుకున్నది గనుకనే పంపుచున్నాను."

తర్వాత పైడితల్లి గొంతు వచ్చింది. ఎప్పుడూ లేనంత నెమ్మదిగా ఉంది.

"సరే. ఎల్తన్నాం."

ఎల్లొస్తాం అనలేదు. ఎల్తన్నాం అంది. ఆ గుంట ఏ రోజూ నా గడప దాటేటప్పుడు ఆ మాట అనలేదు. అప్పుడు తెలిసింది నాకు. కరెంటు లేదని పైవాళ్ళకు తెలిసే, సముద్రంలోకి పొమ్మంటున్నారని వాళ్ళు అనుకుంటున్నారు. అనుకుని, మారు మాట్లాడకుండా వెళ్తున్నారు. ఎలకలకు భయపడ్డాను, పిడుగుకు భయపడ్డాను. ఈ ఒక్కదానికి భయపడలేదు.

గట్టు మెట్లు ఎలా ఎక్కానో నాకు తెలియదు. చెప్పు ఒకటి ఎక్కడో పోయింది. తలుపు దగ్గర కాపలావాడు తుపాకీ అడ్డం పెట్టాడు. నూనెడబ్బాతో తలుపు మీద బాదాను. మేజరు గారే తీశారు. మొహం వెలిగిపోతోంది, గెలుపు చేతికందినట్టు.

"మేజరమ్మా, పిల్లల దగ్గర కరెంటు నేదు. వెనక్కి పిలండి" అన్నాను.

అందరికీ నిండుగా ఉందని ఇప్పుడే విన్నామన్నారు ఆమె.

"నిండుగా కాదమ్మా. నిండుకుంది."

"రెండూ ఒకటే కదా, అప్పలనరసమ్మ గారూ?"

ఇంట్లో బియ్యం లేకపోతే మీ అమ్మ ఏమనేదని అడిగాను. ఆమె నా వంక వింతగా చూశారు. తను సైనికుల మెస్సులో పెరిగానని, బియ్యం డబ్బా ఎలా ఉంటుందో ఎరగనని చెప్పారు.

"మా ఇళ్ళల్లో నేదు అన్నమాట అనమమ్మా. అశుభం. డబ్బా అడుగంటితే నిండుకుంది అంటాం. ఆళ్ళకి నేనే నేర్పినాను. ఆళ్ళు ఖాళీ అని సెప్తన్నారు."

ఆమె మొహంలో రంగు పోవడం నేను చూశాను. ఇంకొక్క ప్రశ్న అడగలేదు. కాపరి వైపు తిరిగి, అందర్నీ వెనక్కి పిలవమన్నారు. పైలట్లు స్వయముగా తెలిపినదానిని కాదనుటకు ఆధారము లేదు అంది అది. ఆమె దాని మీట కిందికి విరిచేసినంత పని చేసి, మైకు తనే అందుకుని, తిరిగి రమ్మని ఆజ్ఞ ఇచ్చారు.

ఎవరూ పలకలేదు. మళ్ళీ పిలిచారు. పోలినాయుడు మాత్రం, ఓడలోళ్ళు మేజరు గారి గొంతు కూడా ఎత్తుకెళ్ళిపోనారు అన్నాడు పక్కవాళ్ళతో. కాపరి గొంతు తప్ప ఏదీ నమ్మొద్దని చెప్పింది మేమే కదా.

మైకు నేను లాక్కున్నాను. అడగనైనా అడగలేదు.

"పైడీ, నాను మామ్మని. ఎనక్కి రండే."

"మామ్మ గొంతు కూడానా" అంది పైడి. ఏడుస్తోందో కోపమో తెలియలేదు. "సిగ్గునేదురా మీకు."

ఏం చెబితే నమ్ముతుంది? నోటికొచ్చింది వచ్చినట్టు అనేశాను. నీ కుడిరెక్క నిన్ననే అతికించారు, మంచుకి తడిసి ఊడితే? చేతులు కడక్కుండా ఎగిరారు, జిడ్డుకి పిడి జారితే? పోలిగాడికి నిన్న జలుబు, తుమ్ము వచ్చి కళ్ళు మూసుకుంటే? కింద కొంగలన్నీ ఒక్కసారి లేస్తే? తడిబట్టలు తాడుమీదే వదిలేశావు, రేపు కట్టుకోడానికేం ఉంది? ఎండలో అంతసేపు ఉన్నారు, దాహమేస్తే? ఊపిరి తీసుకోకుండా చెబుతున్నాను. మేజరు గారు నా భుజం పట్టుకుని అలాగే నిలబడ్డారు.

పెట్టెలోంచి నవ్వు వినబడింది.

"మామ్మేరా. ఇన్ని బయాలు ఓడలోళ్ళకి రావు. తిరగండి, తిరగండి."

అప్పుడు గట్టిగా చెప్పాను. ఎవరి దగ్గర ఎంత ఉందో ఉన్నదున్నట్టు చెప్పండి, అయిపోతే అయిపోయిందనే అనండి, ఆ దోషమేదో నాకు తగలనీండి అన్నాను. ఒకడు చారెడుంది అన్నాడు. ఒకత్తె రవ్వంత అంది. పోలినాయుడు అయిపోవచ్చింది అన్నాడు.

"అయిపోనాది మామ్మా" అంది పైడి. "రెక్కల మీదే ఉన్నాను." ఆ తరవాత దాని గొంతు రాలేదు. మాట పంపడానికి కూడా కరెంటు లేదు. వినగలదేమో, అదీ తెలియదు.

మిగతా ఐదుగురూ దిగడం మొదలెట్టారు. గట్టు మీద ఒక్కదానికే చోటు, దిగినదాన్ని దిగినట్టు పక్కకు ఈడ్చాలి. వంటవాళ్ళు, కాపలావాళ్ళు, మేజరు గారు, అందరూ తాళ్ళు పట్టుకున్నారు. పెద్ద బూర గొట్టాన్ని అంచుకి తెచ్చి సముద్రం వైపు తిప్పి నా మైకుకి తగిలించారు. నా గొంతు ఎటు పెద్దగా వినబడితే అటు రావే అని చెబుతూనే ఉన్నాను. గాలి ఎడమనుంచి ఉంది, ముక్కు కొంచెం దించు, కంగారు పడకు. చెప్పగలిగినవన్నీ చెప్పాను. జవాబు లేదు. తెల్లటి మంచు, అంతే. కాసేపటికి చెప్పడానికి ఏమీ మిగల్లేదు. నా దగ్గర భయాలు కూడా నిండుకున్నాయి. ఇక పేరు పెట్టి పిలవడం ఒక్కటే. పైడీ. పైడితల్లీ. పైడీ.

రెక్కల చప్పుడు రాదు కదా, కరెంటు లేనిది. గాలి కోసుకొస్తున్న సన్నటి ఈల వినబడింది. మంచులోంచి ఒక్కసారిగా బయటపడింది, గట్టు కంటే కిందుగా. పట్టు తప్పినవాళ్ళ కోసం అంచుకి వేలాడదీసిన వలలో పడి, ఒక రెక్క విరిగి, అలాగే చిక్కుకుని ఊగింది. పదిమందీ పట్టి పైకి లాగారు. కాలు విరిగింది. మొహం సున్నం కొట్టినట్టుంది. నేనింకా మైకులో పిలుస్తూనే ఉన్నానట.

"మామ్మా, ఇంక ఆపు. సెవులు గింగుర్లెత్తిపోతన్నాయి" అంది.

నమోదు 7

తప్పు నాదేనని పొద్దున్నే వెళ్ళి చెప్పాను. పైలట్లకు ఇంటి మాటలు నేర్పిన మనిషిని ఉంచుకోవద్దని, ఖాకీ చీర ఉతికి మడతపెట్టి మరీ తీసుకెళ్ళాను. మేజరు గారు చీర తీసుకోలేదు. తప్పు నేర్పినవాళ్ళది కొంత, నేర్చుకోనిదానిది కొంత అన్నారు. కాపరిని విప్పి మోయించి నా గూటి పక్కన పెట్టించారు. ఇకనుంచి అదీ నా దగ్గరే చదువుకుంటుంది.

రోజూ పిల్లలు వెళ్ళాక దానికి పాఠం. బియ్యం నిండుకోవడం, దీపం కొండెక్కడం, తాళి పెరగడం, ఇలా ఒక్కొక్కటే విప్పి చెబుతున్నాను.

"ఇవి యన్నియు అసత్యములా?" అని అడిగింది.

"అబద్ధాలు కావు నాయనా. బయాలు" అన్నాను.

ఇంకా చెప్పండి అంది. ఇన్నాళ్ళలో మేజరు గారి తరవాత నన్ను ఆ మాట అడిగింది ఇదే.

నమోదు 8

మళ్ళీ మంచు. మళ్ళీ గంట. ఈసారి పైడి కాలికి కట్టుతో గూటి పక్క మంచం మీద ఉంది, పెట్టెకి చెవి ఆనించి. ఐదుగురు వెళ్ళారు. కాపరి వాళ్ళను ఒకటికి రెండుసార్లు అడుగుతోంది. ఎంత ఉంది, నిజంగా ఎంత ఉంది, తగ్గితే ఎంత తగ్గింది. ఇది మామ్మకి కూతురు వరసైపోనాది అని పైడి విసుక్కుంది.

ఓడలు వెనక్కి పోయాయి. పిల్లలు తిరిగారు. కానీ మంచు దట్టంగా ఉంది, రావలసిన వేళ దాటిపోయింది. కాపరి పిలవడం ఆపేసింది. నా బల్ల మీది తీగలో, నాకు మాత్రమే వినబడేలా మాట్లాడింది.

"అప్పలనరసమ్మ గారూ, వారు ఇంకను రాలేదు. ఇట్టి సమయమున మీరేమి చేయుదురు?"

"గడపలో నిలబడతాను."

"నాకు గడప లేదు."

"నాకున్నాది కదా. నాను నిలబడతాను. నువ్వు పిలుస్తా ఉండు."

"ఏమని పిలువవలెను?"

"పేర్లు పెట్టి పిలు నాయనా. అంతే."

ఇప్పుడు పిలుస్తోంది. వరసగా ఐదు పేర్లూ, అయ్యాక మళ్ళీ మొదటినుంచి. గొంతులో ఏదో తేడా ఉందని పైడి అంటోంది. కిటికీ బయట తెల్లగా ఏమీ కనబడటం లేదు. చాలా దూరంలో ఒక తుమ్మెద చప్పుడు వినబడుతోంది. ఒకటి కాదేమో, రెండేమో. కలం ఇక్కడే వదిలేస్తున్నాను, గట్టుమీదికి వెళ్ళాలి.